మూడు పందులు, ఒక థర్మామీటరు: పొలంలో పంది కోత డైరీ

పందిని ఎందుకు పెంచాం, ఏం మేపాం అన్న కథ ఇందులో లేదు. కోసిన రోజు నుంచే రాస్తున్నా. మూడు వారాల ఎడంతో మూడు పందుల్ని కోశాం. మొదటిదాన్ని దాదాపు పాడుచేశాం, రెండోదాన్ని సగం కాపాడాం, మూడోది ఒక మాదిరిగా కుదిరింది. నాన్న చిన్నప్పుడు ఇంట్లో ఏటా చేసిన పనే ఇది. తర్వాత ఆగిపోయింది. ఇప్పుడు ఆయనకు నోటితో చెప్పడానికి సగం గుర్తుంది, చేతులకు ఇంకో పావు గుర్తుంది. మిగిలిన పావు మేం మాంసం పారేసి నేర్చుకున్నాం. ఎవరైనా ఈ పని మొదలుపెడితే అదే మాంసం మళ్లీ పారేయక్కర్లేదు.

డిగ్రీలన్నీ సెల్సియస్‌లో. బరువులు కొక్కేనికి తగిలించే త్రాసుతో చూసినవి, బతికున్న పంది బరువు మాత్రం టేపుతో.

దశ 0: పనిముట్లు

మొదట కొన్నవాటిలో సగం మూల పడేశాం. మూడో పందికి వాడినవి ఇవే:

1. 15 సెంటీమీటర్ల సన్నటి కత్తులు రెండు, సానకమ్మీ ఒకటి. పెద్ద కత్తి వల్ల లాభం లేదు, లోపల ఏం తెగుతోందో కనపడదు.
2. ఎముక కోసే రంపం. కర్ర రంపం పనికిరాదు, పళ్ల సందుల్లో ఎముక పొడి ఇరుక్కుని కడిగినా పోదు.
3. గంట ఆకారంలో ఉండే గీకుడు పనిముట్లు రెండు.
4. 200 లీటర్ల డ్రమ్ము, విడిగా నీళ్లు కాచే గుండిగ.
5. చైన్ కప్పీ, 75 సెంటీమీటర్ల ఇనప అడ్డకమ్మీ.
6. పొడుగు ముల్లున్న థర్మామీటర్లు రెండు. ఒకటి నీళ్లకి, ఒకటి మాంసానికి.
7. కత్తులు ముంచడానికి 82 డిగ్రీల నీళ్లున్న చిన్న బకెట్. తోలు కోసిన కత్తిని అందులో ముంచకుండా మాంసం మీద పెట్టకూడదు.

ఆరో నంబరు మొదటి రోజు మా దగ్గర ఒక్కటే ఉంది. ఈ డైరీలో సగం కష్టాలు అక్కడే మొదలయ్యాయి.

దశ 1: టేపుతో బరువు

ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, చెవుల మధ్య నుంచి తోక మొదలు దాకా పొడవు, రెండూ మీటర్లలో తీసుకోవాలి. చుట్టుకొలతను దానితోనే హెచ్చించి, పొడవుతో హెచ్చించి, ఆ వచ్చినదాన్ని 69.3తో హెచ్చిస్తే కేజీలు వస్తాయి.

మొదటి పంది: చుట్టుకొలత 1.10, పొడవు 1.25. అంటే 105 కేజీలు.

పంది తల దించి మేస్తున్నప్పుడే కొలవాలి. తల ఎత్తితే పొడవు 5 సెంటీమీటర్లు తగ్గి చూపిస్తుంది, లెక్కలో 4 కేజీలు గల్లంతవుతాయి. నేను రెండుసార్లు కొలిచి, రెండు అంకెలు వచ్చి, తప్పు టేపుదనుకున్నాను.

దశ 2: పంది 1, కోతకు ముందు

ముందురోజు సాయంత్రం నుంచి మేత ఆపాలి, నీళ్లు ఆపకూడదు. పదహారు గంటలు అనుకున్నాం. తెల్లారి పొట్ట తెరిస్తే సంచి నిండా మేత! రాత్రి తొమ్మిదింటికి పెద్దమ్మ వెళ్లి పెట్టి వచ్చిందట.

"చావబోయేదాన్ని ఆకలితో పడుకోబెడతారేంట్రా" అంది అడిగితే. ఏం చెప్పగలం? రెండో పంది నుంచి దొడ్డి తలుపుకి తాళం వేశాం. నిండు పొట్ట వల్ల నష్టం ఏంటంటే, పేగులు బిగుసుకుని కత్తి మొనకు ఎదురొస్తాయి, కొంచెం గీత పడినా లోపలిదంతా మాంసం మీదికి వస్తుంది.

స్పృహ తప్పించే పని తమ్ముడిది. పశువైద్యుడి దగ్గర నేర్చుకుని, అనుమతి తీసుకుని బోల్ట్ గన్ (నుదుటి మీద ఇనప కడ్డీతో కొట్టి స్పృహ తప్పించే తుపాకీ) వాడాడు. రెండు కళ్లను కలిపే గీతకు 2 సెంటీమీటర్ల పైన, నుదుటికి సరిగ్గా మధ్యలో, తోక వైపుకి గురి పెట్టాలి. పందికి నుదుటి ఎముక వెనక ఖాళీ గదులుంటాయి, మెదడు మనం అనుకునేదానికన్నా లోతుగా ఉంటుంది. కోణం తప్పితే జంతువు నరకం చూస్తుంది. అందుకే ఈ ఒక్క పని రాసింది చదివి చేయకండి, తెలిసిన మనిషి పక్కన నిలబడి నేర్చుకోండి. పడ్డాక చూసేవి రెండే: ఊపిరి లయగా ఆడకూడదు, కంటిపాప తాకితే రెప్ప కదలకూడదు. కాళ్లు తన్నుకోవడం మాత్రం మామూలే, అది చూసి కంగారు పడొద్దు.

తర్వాత 15 సెకన్లలోపు కత్తి దిగాలి. రొమ్ము ఎముక కొసకు కొంచెం ముందు నుంచి, ఛాతీ లోపలికి. అక్కడే గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం చీలుతుంది. గొంతు అడ్డంగా కోస్తే రక్తం నెమ్మదిగా పోతుంది, జబ్బల్లో మిగిలిపోతుంది. గిన్నెలో పట్టిన రక్తం 3.1 లీటర్లు. పడుతున్నంతసేపూ చేత్తో కలుపుతూ ఉంటే దారాల్లాంటి గడ్డ వేళ్లకి చుట్టుకుని బయటికొస్తుంది, మిగిలింది గడ్డకట్టదు.

దశ 3: పంది 1, నీళ్లు

తోలు మీది వెంట్రుకలు ఊడాలంటే పందిని వేడినీళ్లలో ముంచాలి. ఇక్కడ తప్పు పూర్తిగా నాది.

నాన్న పద్ధతిలో థర్మామీటరు లేదు. నీళ్లలో వేలు మూడుసార్లు చకచకా లాగాలి. రెండుసార్లు ఓర్చుకోగలిగి, మూడోసారి ఓర్చుకోలేకపోతే నీళ్లు సిద్ధం.

"నువ్వు రెండోసారికే చెయ్యి లాగేసుకున్నావు. చల్లనీళ్లు కలుపు" అన్నాడు.

"ఇంకాస్త వేడిగా ఉంటే తొందరగా ఊడుతుంది కదా నాన్నా" అన్నాను నేను.

ముల్లు 71 చూపిస్తోంది. ముంచాం. మొదటి నిమిషంలో చెవి పక్కన వెంట్రుకలు గుప్పెడు ఊడి వచ్చాయి, నేను నాన్న వైపు గర్వంగా చూశాను. మూడో నిమిషానికి ఒక్కటీ రావడం లేదు. పట్టకారుతో లాగితే వెంట్రుక తెగుతోంది కానీ కుదురు కదలదు. వేడి మించితే తోలు పైపొర ఉడికి ముడుచుకుని కుదుళ్లను బిగించి పట్టుకుంటుంది. ఒకసారి బిగుసుకున్నాక మళ్లీ ఎన్ని నీళ్లు పోసినా వదలదు.

ఇంకో పొరపాటు కూడా. డ్రమ్ముని ఏటవాలుగా పడుకోబెట్టి 140 లీటర్లు పోశాం. పంది దిగగానే 40 లీటర్లు అంచు దాటి మా కాళ్ల మీదికి వచ్చాయి. గమ్‌బూట్లు ఉన్నాయి కాబట్టి బతికిపోయాం. అలా వాల్చిన డ్రమ్ములో 100 లీటర్లకు మించి పోయకూడదు, మిగతా చోటు పందిది.

తర్వాత మూడు గంటలు క్షౌరం. నిజంగా క్షౌరమే, రేజర్లతో. వెనక సగం లొంగకపోతే తోలే ఒలిచేశాం. తోలుతో పాటు కొవ్వు కూడా వచ్చేసింది, 3.8 కేజీలు.

దశ 4: పంది 1, వేలాడదీయడం

వెనక కాళ్ల మడమ పైన, ఎముకకీ పెద్ద నరానికీ మధ్య చీలిక పెట్టి అడ్డకమ్మీ దూర్చాలి. బరువంతా ఆ నరం మీదే. నేను ఎడమ కాలికి చీలిక రెండు వేళ్లు కిందికి పెట్టి, నరాన్ని సగం కోసేశాను. సగం ఎత్తు లేచేదాకా బాగానే ఉంది. ఆ తర్వాత టప్పున తెగి 90 కేజీల పైచిలుకు బరువు ఒంటికాలి మీద గిర్రున తిరిగింది. తమ్ముడు పక్కకి దూకాడు. గొలుసుని తెగిన కాలి గిట్టల పైన చుట్టి పని కానిచ్చాం.

అప్పటి నుంచి చీలిక కత్తి మొనతో కాదు, తోలు మాత్రం కోసి నరం పక్కన వేలు దూర్చి వెడల్పు చేస్తున్నాం. వేలు నరాన్ని కోయలేదు.

కమ్మీకి నేల నుంచి కనీసం 2.5 మీటర్ల ఎత్తు ఉండాలి. మాది 2.2. ముక్కు నేలకి తగిలింది, కింద పట్టా పరిచాం.

పొట్ట కోయడం నాన్న చేతి పని, అందులో పొరపాటు లేదు. కత్తి పదును బయటికి, పిడి లోపలికి, రెండు వేళ్లు మొనకు వెనక అడ్డంగా పెట్టి పై నుంచి కిందికి. పేగుల్ని వెనక్కి నెడుతూ వేళ్లు ముందు వెళ్తాయి, కత్తి వాటి వెంట వస్తుంది.

తోలు పోయిన తర్వాత వేలాడిన బరువు 74.2 కేజీలు. గుండిగ కింద నిప్పు పెట్టిన దగ్గర నుంచి ఇక్కడికి 7 గంటల 40 నిమిషాలు.

ఇప్పటిదాకా: పందులు 1. సమయం 7 గం. 40 ని. కట్టెలు 34 కేజీలు. పారేసింది 3.8 కేజీలు.

దశ 5: పంది 1, ఆ రాత్రి

రాత్రికి 3 డిగ్రీలు అవుతుందన్నారు. 9 దగ్గర ఆగింది. మేం వెన్నెముక చీల్చలేదు, పొట్ట కొవ్వు తీయలేదు, "పొద్దున్నే చేద్దాం" అనుకుని పడుకున్నాం. తొడలో ముల్లు గుచ్చి ఉంచాను, ఎముకకి ఆనుకుని.

కోసిన 4 గంటలకు: 37
10 గంటలకు: 26
16 గంటలకు: 19
22 గంటలకు: 14
24 గంటలకు: 13

ఒక రోజు తిరిగేసరికి అక్కడ 4 కనపడాలి. పైన తాకితే మాంసం చల్లగా, గట్టిగా ఉంది, అదే మమ్మల్ని మోసం చేసింది. తొడ అంటే 10 కేజీల ముద్ద, మధ్యలో ఎముక. పైన ఎంత చల్లబడినా తుంటి కీలు దగ్గర గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది. ఆ కీలులో జిగురు నీరు ఉంటుంది, రక్తనాళాల్లో మిగిలిన కాస్త రక్తం ఉంటుంది. కుళ్లు మొదలయ్యేది అక్కడే, బయటి నుంచి కాదు.

ఒక తొడని ఎముక తీసి ముక్కలు చేసి ఫ్రీజర్లో పెట్టాం. రెండోదాన్ని, 9.4 కేజీలు, ఉప్పులో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాం.

తొమ్మిదో రోజు

సన్నటి వెదురు పుల్లని కీలు పక్క నుంచి ఎముక దాకా గుచ్చి, బయటికి లాగి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మంచి తొడ పుల్లకి పచ్చి మాంసం వాసన, ఉప్పు వాసన, అంతే. దీనికి పులిసిన వాసన. పుల్లని నాన్నకిచ్చాను. ఆయన దాన్ని నా చేతిలోనే మళ్లీ పెట్టేసి లోపలికి వెళ్లిపోయాడు.

కోసి చూశాను. బయట రెండు వేళ్ల మందం అందమైన ఎరుపు, ఉప్పు పట్టి బిగిసిన కండ. కీలు చుట్టూ అరచేయంత మేర బూడిద రంగు, తడితడిగా. "చుట్టూ కోసేస్తే మిగతాది పనికొస్తుందేమో" అన్నాడు తమ్ముడు. రాదు. వాసన నాళాల వెంట పోయి ఉంటుంది. మొత్తం గుంత తీసి పాతిపెట్టాం.

ఇప్పటిదాకా: పారేసింది 3.8 + 9.4 = 13.2 కేజీలు.

దశ 6: పంది 2కి ముందు మార్చినవి

1. పెద్ద పాత నిలువు ఫ్రిజ్ ఒకటి తెచ్చి అరలు తీసేసి కొక్కేలు పెట్టాం. లోపల చిన్న ఫ్యాను.
2. కమ్మీ ఎత్తు 2.6 మీటర్లకి లేపాం.
3. రెండో థర్మామీటరు.
4. దొడ్డికి తాళం.
5. నీళ్లు 63 దగ్గర ఆపాలని గుండిగ మూత మీద సుద్దతో రాశాను. ఇది మళ్లీ తప్పే, కింద చూడండి.

దశ 7: పంది 2

టేపు: చుట్టుకొలత 1.14, పొడవు 1.28. లెక్కకి 115 కేజీలు.

డ్రమ్ములో 63 చూపించింది, ముంచాం. ఒక నిమిషంలో 57కి పడిపోయింది. డ్రమ్ము ఇనుము చల్లగా ఉంది, పంది ఒళ్లు కూడా నీళ్లకన్నా చల్లనే, గాలి వీస్తోంది. వెంట్రుక లాగితే తోలు సాగుతోంది కానీ ఊడడం లేదు. ఈసారి నష్టం లేదు, ఆలస్యమే. వేడి తక్కువైతే మళ్లీ కాచుకోవచ్చు, ఎక్కువైతే దారి లేదు. అనుమానం వస్తే తక్కువ వైపే ఉండాలని అప్పుడు అర్థమైంది.

మళ్లీ కాచేదాకా పందిని చల్లారనివ్వకుండా నాన్న ఒక పని చేశాడు. గోనెసంచులు కప్పి వాటి మీద చెంబుతో వేడినీళ్లు పోస్తూ కూర్చున్నాడు. సంచి వేడిని పట్టి ఉంచుతుంది. డ్రమ్ములోకి మళ్లీ దింపేసరికే వీపు మీద సగం ఊడిపోయింది. డ్రమ్ము లేనివాళ్లు ఈ గోనెసంచి పద్ధతి ఒక్కటీ పెట్టుకున్నా సరిపోతుంది, నీళ్లు మాత్రం సంచి మీద పడేటప్పుడు 65 దాటకూడదు.

నీళ్లలో ఒక పార కట్టెల బూడిద కూడా వేశాం. జిడ్డుగా అంటుకున్న మట్టిపొర దాంతో తేలిగ్గా వదిలింది.

పేగులు తీసేటప్పుడు దెబ్బ తగిలింది. ఆసనం చుట్టూ గుండ్రంగా కోసి, బయటికి లాగి, పురికొసతో గట్టిగా కట్టి, ఆ తర్వాతే పొట్ట తెరవాలి. కట్టాను. తడి పురికొస జారింది. లోపల తుంటి గోడ మీద అరచేయంత మేర పడింది.

చేయి వెంటనే నీళ్ల పైపు మీదికి పోతుంది. పోనివ్వకండి. నీళ్లు కొడితే ఆ మురికి అరచేయంత నుంచి మొత్తం వీపు దాకా పాకుతుంది. శుభ్రమైన కత్తితో, మురికి తగిలిన చోటు కంటే ఒక వేలు వెడల్పు ఎక్కువగా, కండతో సహా కోసి తీసేయాలి. 1.6 కేజీలు పోయింది. అందులో వెన్ను లోపలి మెత్తటి కండ సగం ఉంది, దాని గురించి ఇంట్లో ఇప్పటికీ అంటున్నారు.

కార్జానికి అంటుకున్న పచ్చటి పైత్యపు తిత్తిని మాత్రం బాగా తీశాను. తిత్తిని ఒలవబోతే చిట్లుతుంది. కార్జం నుంచి వేలెడు ముక్క కలిపి కోసేస్తే గొడవ ఉండదు.

వెన్నెముకని అప్పుడే రంపంతో రెండుగా చీల్చాం. కిడ్నీల చుట్టూ ఉండే పొట్ట కొవ్వుని వెచ్చగా ఉండగానే పిడికిలితో లాగేశాం, తోలు ఒలిచినట్టు వచ్చేస్తుంది. చల్లబడితే గట్టిపడి రాదు. పైగా అది దుప్పటిలా లోపలి వేడిని దాచిపెడుతుంది. వేలాడిన బరువు 85.5 కేజీలు, టేపు లెక్కలో 74 శాతం.

రెండు సగాల్నీ ముక్కలు చేసి అన్నీ ఒకేసారి ఫ్రిజ్‌లో తోసేశాం. ఫ్రిజ్ లోపల గాలి 15 డిగ్రీలకు ఎక్కి కూర్చుంది, గోడల నిండా చెమట. తొడలో 24 గంటలకు 7. మొదటిదానికన్నా నయమే, కావాల్సిన 4 మాత్రం రాలేదు. పుల్లకి భయపడి ఈసారి ఏ తొడనీ ఎముకతో ఉప్పు పెట్టలేదు.

ఇప్పటిదాకా: పందులు 2. సమయం 7:40 + 5:50 = 13 గం. 30 ని. కట్టెలు 56 కేజీలు. పారేసింది 14.8 కేజీలు.

దశ 8: కొవ్వు కాచడం

పొట్ట కొవ్వునీ వీపు కొవ్వునీ కలపొద్దు. పొట్ట కొవ్వు తెల్లగా, గట్టిగా పేరుకుంటుంది, వాసన దాదాపు ఉండదు. వీపుది మెత్తగా ఉంటుంది.

మొదటి వాయిలో 4 కేజీల కొవ్వుని పెద్ద ముక్కలుగా కోసి, పొడి గిన్నెలో, పెద్ద మంట మీద పెట్టాను. అడుగు మాడింది. వచ్చిన నూనె తేనెరంగులో వేయించిన వాసనతో ఉంది. సబ్బుకి పక్కన పెట్టాం.

రెండో వాయి:

1. కొవ్వుని గట్టిగా చల్లబరిచి మాంసం మరలో ఆడించాను. ముక్క ఎంత చిన్నదైతే అంత తక్కువ వేడికి కరుగుతుంది.
2. గిన్నె అడుగున ఒక గ్లాసు నీళ్లు. కొవ్వు కరిగేలోపు అడుగు మాడకుండా చూసేది ఆ నీళ్లే.
3. సన్న మంట. నీళ్లు ఉన్నంతసేపు 100 దగ్గరే ఉంటుంది, చిటపటలు ఆగాక ఎక్కడం మొదలవుతుంది. 115 దాటనివ్వలేదు.
4. తునకలు అడుగుకి దిగడం మొదలవగానే బట్టలో వడకట్టాను.

చల్లారాక పాలమీగడ తెలుపు. గిన్నెలో నీటి చుక్క మిగిలితే అడుగున పులుస్తుంది, కాబట్టి సీసాలు ఎండలో ఆరబెట్టి మరీ నింపాలి.

దశ 9: పేగులు

సాసేజ్ తొడుగులకి చిన్నపేగు కావాలి. పందికి అది దాదాపు 18 మీటర్లు ఉంటుంది. మాకు దక్కింది మొదటిసారి సున్నా. శుభ్రం చేద్దామని మరిగే నీళ్లు పోశాను, నా కళ్ల ముందే ముడుచుకుని ఉంగరాలు తిరిగి రబ్బరు ముక్కలయ్యాయి. వేడి తగిలితే ఆ పొర కుంచించుకుపోతుంది. చల్లనీళ్లే వాడాలి.

రెండో పందికి: ఖాళీ చేసి, కడిగి, చొక్కా చెయ్యి తిప్పినట్టు లోపలిది బయటికి తిప్పి, కత్తి వెనకవైపుతో చెక్క మీద గీకాం. జిగురు పొర పోయేదాకా గీకితే చివరికి కాగితంలా పారదర్శకంగా, వేలు కనపడేలా మిగులుతుంది. 11 మీటర్లు దక్కింది, మిగతాది చిరిగింది. అత్తయ్య కూర్చుంటే ఒక్క చిరుగు కూడా పడలేదు. తేడా ఏంటంటే నేను కత్తిని నొక్కుతున్నాను, ఆవిడ కత్తిని కదలనివ్వకుండా పేగుని లాగుతోంది.

కూరడం గురించి ఒక్క మాటే: మాంసం, కొవ్వు, మర బిళ్ల, మర కత్తి అన్నీ 2 డిగ్రీలకు రావాలి. నా మొదటి వాయిలో కొవ్వు 12 దగ్గర ఉంది. మర లోపల నలిగి, మాంసానికి పేస్టులా పూసుకుంది. కాల్చినప్పుడు కొవ్వంతా కారిపోయి రంపపు పొట్టు తిన్నట్టుంది. కొవ్వు 30 శాతం, ఉప్పు 1.8 శాతం. వండేటప్పుడు నడిమధ్య 71 డిగ్రీలు తాకాలి. పంది మాంసంలో ట్రైకినెల్లా అనే పురుగు ఉండే వీలుంది కాబట్టి పచ్చిగా రుచి చూడొద్దు. చిటికెడు వేయించి చూడండి.

దశ 10: పంది 3

టేపు: 1.12, 1.27. లెక్కకి 110 కేజీలు. మధ్యాహ్నం రెండున్నరకి నిప్పు పెట్టాం. చల్లబడాల్సిన గంటలు రాత్రిలో పడాలని.

1. ముందు డ్రమ్ములో ఒక బకెట్ వేడినీళ్లు పోసి ఇనుముని వెచ్చబెట్టి పారబోశాం.
2. 100 లీటర్లు, 66 డిగ్రీలు. పంది దిగాక 62. అక్కడే నిలబడింది.
3. వెనక కాళ్లు పట్టుకుని తల వైపు ముందు ముంచాం. తిప్పుతూనే ఉండాలి, ఒక పక్క ఇనుముకి ఆనితే అక్కడ తోలు ఉడుకుతుంది.
4. ప్రతి అర నిమిషానికి డొక్క మీద వెంట్రుక లాగి చూశాను. మూడున్నర నిమిషాలకి చెయ్యి వేస్తే చాలు, ఊడి వచ్చింది.
5. తిప్పి వెనక వైపు, నాలుగు నిమిషాలు.
6. గిట్టల తొడుగులు, చెవులు ముందు. అవే ముందు చల్లారతాయి.

గీకుడు 25 నిమిషాల్లో అయిపోయింది. మొదటి పందికి మూడు గంటలు. నాన్న వేలు పెట్టి చూశాడు కూడా. మూడోసారికి లాగేసుకున్నాడు, నేను ముల్లు చూస్తే 65. ఆయన వేలికీ మేం పెట్టుకున్న 66కీ ఒక్క డిగ్రీ తేడా.

ఈసారి ఆసనానికి పురికొస బదులు నూలు దారం, రెండు కట్లు. జారలేదు.

చలి విషయంలో లెక్క వేశాను. 80 కేజీల మాంసాన్ని 38 నుంచి 3కి దించాలంటే ఎంత వేడి లాగాలో, 24 కేజీల మంచు కరిగితే అందులో పది పాళ్లకి ఎనిమిది పాళ్లు ఒంటిచేత్తో లాగేస్తుంది. 2 లీటర్ల ప్లాస్టిక్ సీసాలు 12 గడ్డకట్టించి, రెండు గంటల ముందే ఫ్రిజ్ అడుగునా పక్కలా పేర్చాను. మాంసాన్ని కూడా వెంటనే తోయకుండా, రెండు సగాల్నీ బయట ఫ్యాను గాలిలో మూడు గంటలు ఉంచి, ముక్కలు ఒకదానికొకటి తగలకుండా వేలాడదీశాం.

తొడలో:
3 గంటలకు: 30
9 గంటలకు: 15
18 గంటలకు: 6
22 గంటలకు: 3.5

ఆ 3.5 చూసిన పొద్దున నాన్నని నిద్ర లేపాను.

వేలాడిన బరువు 82.3. ఒక కొక్కెం జారి జబ్బ ముక్క నేల మీద పడితే పైభాగం కోసి 0.4 పారేశాం.

ఇప్పటిదాకా: పందులు 3. సమయం 13:30 + 3:35 = 17 గం. 05 ని. కట్టెలు 70 కేజీలు. పారేసింది 15.2 కేజీలు.

దశ 11: ఉప్పు లెక్క

నాన్నది పిడికెడు లెక్క. మొదటి పంది పొట్ట పట్టీ (పొట్ట దగ్గరి పలకలాంటి మాంసం) అలాగే చేశాం, నోట్లో పెట్టుకోలేనంత ఉప్పు. ఆయన పిడికిలి మారలేదు, ఉప్పు మారింది. అప్పట్లో గళ్ల ఉప్పు, ఇప్పుడు సన్న ఉప్పు. అదే పిడికిట్లో బరువు చాలా ఎక్కువ పడుతుంది. చెంచాలతో కొలిచినా ఇదే గొడవ.

ఇప్పుడు గ్రాముల త్రాసే. 4.2 కేజీల పట్టీకి మొత్తం ఉప్పు 2.5 శాతం, అంటే 105 గ్రాములు. నైట్రైట్ ఉప్పు (మాంసం నిలవకి వాడే ప్రత్యేక ఉప్పు) 0.25 శాతం, అంటే 10.5 గ్రాములు. ఇది 6.25 శాతం నైట్రైట్ ఉన్న రకానికి మాత్రమే. దానిలో మిగతాదంతా మామూలు ఉప్పే కాబట్టి విడిగా కలిపే ఉప్పు 95 గ్రాములకి తగ్గించాను. నైట్రైట్ ఎక్కువైతే విషం, దీన్ని చేతి అంచనాతో వేయకండి. సంచిలో మూసి, రోజూ తిప్పుతూ, ఫ్రిజ్‌లో 8 రోజులు. పట్టీ మందం 4 సెంటీమీటర్లు.

తొడకి పాత పద్ధతే: ఉప్పు పెట్టెలో, కేజీకి 3 రోజుల పైచిలుకు. 10.1 కేజీల తొడకి 34 రోజులు. తర్వాత పై ఉప్పు కడిగేసి, లోపలికి సమంగా పాకడానికి ఇంకో 14 రోజులు అదే చలిలో. ఆ తర్వాతే బయట వేలాడదీయడం. మొదటి బరువులో 18 శాతం తగ్గేదాకా, అంటే 8.3 కేజీలకి వచ్చేదాకా దించను. తినేది కూడా వండాకే, 71 డిగ్రీలకి.

60వ రోజు

బరువు 9.3 కేజీలు. తగ్గింది 7.9 శాతం. తోలు మీద ఒకచోట తెల్ల బూజు, ఉప్పునీళ్ల బట్టతో తుడిచాను. పుల్ల మూడు చోట్ల గుచ్చాను: తుంటి కీలు, మోకాలు, తొడ ఎముక మధ్య. మొదటి రెండూ బాగున్నాయి. మూడోదాన్ని ఒకటికి రెండుసార్లు వాసన చూసి, నమ్మకం చాలక నాన్నకిచ్చాను. చాలాసేపు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పుల్లని జేబులో వేసుకుని, "కన్నానికి కొవ్వు పూసి మూసెయ్" అన్నాడు.

మళ్లీ తూచేది 75వ రోజు.